గోడ మీద వేషం

నేను చచ్చిపోయిన సంగతి నాకు మా ఇంటి అవ్వ చెప్పింది.

మాదాపూర్ పాత ఊళ్ళో ఆమె పెంకుటింటికి ఆనుకుని ఉన్న గదిలో నేను కిరాయికి ఉండేదాన్ని. ఆ సాయంత్రం బిందె పట్టుకుని బోరింగు వైపు వెళుతుంటే, టీవీ ముందు నుంచి లేవకుండానే కేకేసింది.

"ఏంది బిడ్డా, సచ్చిపోయినవంట?"

"ఎప్పుడు?" అన్నాను.

"ఇప్పుడే. ఫోన్ల జెప్పిన్రు. నీ కొడుకు మస్తు ఏడ్సిండు. గా బిందె ఆడ వెట్టు, సచ్చినోళ్ళు నీళ్ళు మోస్తరా?"

బిందె అక్కడ పెట్టి లోపలికెళ్ళి చూశాను. అప్పటికే ప్రకటనలు వస్తున్నాయి. అవి అయ్యాక మా ఇంటి హాలు కనిపించింది, అంటే సీరియల్లో మా ఇల్లు. గోడ మీద నా ఫోటో, ఫోటోకి గంధపు చెక్కపొట్టు దండ, ముందు ఎర్ర బల్బు. ఫోటోలో నేను చక్కగా నవ్వుతున్నాను. ఆ ఇంట్లో జరిగినవాటికీ నాకూ ఏ సంబంధమూ లేనట్టుంది.

నేను వృత్తిరీత్యా నటిని. చదువు రీత్యా బి.ఏ., అర్థశాస్త్రం. గిరాకీ తగ్గిన సరుకు ఏమవుతుందో అందులో ఒక పాఠం ఉండేది. అప్పట్లో పరీక్ష కోసం చదివాను. వివరంగా తెలుసుకునే అవకాశం తరవాత చాలా వచ్చింది.

తెనాలి వైపు పరిషత్తు నాటకాల్లో పెరిగాను. పరిషత్తంటే ఊళ్ళో పెద్దలు పందిరి వేసి పెట్టే నాటకాల పోటీ. నాటక సమాజాల్లో మగవాళ్ళంతా బ్యాంకు గుమాస్తాలు, లెక్కల మాస్టార్లు, తాలూకాఫీసు వాళ్ళు. ఆఫీసులయ్యాక నెలల తరబడి రిహార్సల్ చేసుకునేవారు. ఆడవేషానికి మాత్రం మాలాంటి వాళ్ళని బయటినుంచి పిలిపించుకునేవారు. చివర్లో వెళ్ళేవాళ్ళం, పోర్షను బట్టీ పట్టేవాళ్ళం, ఎవరు భర్తో ఎవరు కొడుకో అడిగి తెలుసుకుని స్టేజీ ఎక్కేవాళ్ళం. ఒకే పరిషత్తులో మొదటిరోజు ఒక గుమాస్తాగారికి భార్యనైతే, మర్నాడు ఇంకో సమాజం తరఫున మాస్టారుగారి తల్లిని. ఆ మరునాడు మొదటి గుమాస్తాగారు ఇంకో నాటకంలో కనపడి "అత్తయ్యగారూ" అని కాళ్ళకి దండం పెట్టేవాడు. వయసు మీద పడటమంటే ఏమిటో నాకు పాతికేళ్ళు నిండకముందే మంచి సాధన అయింది.

నా ప్రత్యేకత చావు. తల్లి చనిపోయే ఘట్టం ఏ నాటకంలో ఉన్నా నాకు కబురొచ్చేది. నులకమంచం మీద పడుకుని, గొంతు పెంచకుండా, చివరి వరసలో వేరుశెనక్కాయలు తింటున్నవాడికి కూడా వినపడేలా చెప్పి ప్రాణం విడవాలి. అది గొంతుతో చేసే పని కాదు, ఊపిరితో చేసే పని. నేను చచ్చిన నాటకాలకి షీల్డులొచ్చాయి. బతికిన నాటకాలకి ప్రశంసాపత్రాలొచ్చాయి.

తరవాత పరిషత్తులు ఒక్కొక్కటే మానేశారు. పందిళ్ళు వేసే పెద్దలు నిజంగానే పోయారు, అదీ డైలాగు లేకుండా. అదే రోజుల్లో టీవీలో రోజువారీ సీరియళ్ళు మొదలయ్యాయి. తల్లులు కావాలన్నారు. నేను హైదరాబాదు వచ్చాను.

మాకు షూటింగు ఇల్లు మాదాపూర్ అవతల బండల మధ్య ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ కట్టుకున్న ఇల్లు. గుంటూరు వైపు వాళ్ళు, క్రైస్తవులు. భర్త పోయాడు. అంత దూరం ఎవరూ అద్దెకి రాకపోతే షూటింగులకిచ్చారు. ఆవిడ మేడ మీద ఉండేవారు, మేం కింద కాపురం చేసేవాళ్ళం. చుట్టూ కొత్త భవనాల కోసం రోజంతా బండలు పేల్చేవాళ్ళు. ముందు ఈల వేస్తారు, తరవాత ఎర్రజెండా ఊపుతారు, తరవాత ఢామ్మంటుంది. ఈల వినగానే మేం ఏడుపు ఎక్కడుంటే అక్కడ ఆపి, పేలాక మళ్ళీ అందుకోవాలి. కళ్ళల్లో నీళ్ళు అలా మధ్యలో నిలబెట్టుకోవడం ఏ నాటకంలోనూ నాకు నేర్పలేదు.

మొదటి రోజే స్టిల్ ఫోటోగ్రాఫర్ నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. పట్టుచీర, పెద్ద బొట్టు.

"ఇదెందుకు బాబూ?" అన్నాను.

పక్కన ప్రొడక్షన్ మేనేజరు ఉన్నాడు. పుప్పాలగూడ మనిషి, షూటింగు పనితో పాటు ప్లాట్లు కూడా అమ్మించేవాడు. అతనే జవాబిచ్చాడు.

"పెద్ద ఆర్టిస్టులందరికీ దీస్తమమ్మా. ఎందుకైన మంచిదని."

తరవాత నాకు తెలిసింది, అదొక ఆచారం. వయసు మళ్ళిన పాత్రలందరికీ మొదటిరోజే ఫోటో తీసి, ఫ్రేము కట్టించి, సామాన్ల గదిలో గోడకి తిప్పి పెడతారు. రేపెప్పుడైనా ఆ మనిషి డేట్లు కుదరకపోయినా, కథ కుదరకపోయినా ఒక మేకు చాలు. ఒకరోజు దేనికోసమో వెతుకుతూ ఆ గదిలోకి వెళితే నాతోబాటు మా వియ్యంకుడూ, మా ఆయనా, పక్కింటి పెద్దమనిషీ వరసగా గోడకేసి నిలబడి ఉన్నారు. బయటికొచ్చి వాళ్ళ ముగ్గురితో కలిసి భోజనం చేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్ళు కూడా ఆ గదిలోకి వెళ్ళే ఉంటారు.

అయినా నాకు భయం లేదు. డైరెక్టరు నాకొక మాటిచ్చాడు. కుర్రవాడు, నా నాటకాలు చూసి పెరిగానని చెప్పేవాడు. నిజమే అయ్యుంటుంది. వేరుశెనక్కాయల వరసలోంచి చూసి ఉంటాడు.

"అమ్మా, మీ పాత్రని చంపక తప్పదు, కథ అడుగుతోంది. కానీ ఎపిసోడ్ మొత్తం మీదే. డెత్ సీన్ అంతా మీ డైలాగే. మిమ్మల్ని తప్ప ఇంకెవర్నీ ఊహించుకోలేను."

చెప్పడమే కాదు, రాయించి ఇచ్చాడు కూడా. కొడుకు చేతిలో చెయ్యి పెట్టి తల్లి చెప్పే మాటలు. బాగున్నాయి. చాలాకాలం తరవాత నాకు ఊపిరి పీల్చుకోడానికి చోటున్న వాక్యాలు దొరికాయి. పొద్దున్నే మా గది వెనక బండలెక్కి తిరుగుతూ బట్టీ పట్టేదాన్ని. దూరంగా గుండ్రటి భవనం ఒకటి లేస్తుండేది. దాన్ని చివరి వరస అనుకుని చెప్పేదాన్ని. అవ్వ కింద నుంచి మేకల్ని తోలుతూ, "ఎవలితోని లొల్లివెట్టుకుంటున్నవ్?" అని అడిగేది.

"కొడుకుతో, అవ్వా."

"మంచిగ వెట్టుకో. నా కొడుక్కు సుత ఓ మాట జెప్పు."

కొడుకు వేషం కట్టే అబ్బాయికి సినిమాలో చిన్న వేషం వచ్చింది. నాకు డేట్లున్నప్పుడు అతనికి లేవు. అతనికి ఒక్క పూట దొరికిన రోజు నన్ను పిలవలేదు. కొడుకు లేకుండా తల్లి చచ్చిపోతే చూసేవాళ్ళకి ఏం బాగుంటుంది? తల్లి లేకుండా కొడుకు ఏడిస్తే బాగానే ఉంటుంది. కాబట్టి ఫోను మోగించారు. అబ్బాయి రిసీవరు వదిలేశాడు. సామాన్ల గదిలోంచి నన్ను బయటికి తీసి, తుడిచి, మేకుకి తగిలించారు.

మర్నాడు వెళ్ళి డైరెక్టర్ని అడిగాను, ఇలా జరిగిందేమని. అతను నిజంగానే బాధపడ్డాడు.

"సారీ అమ్మా. కానీ ఒకటి చెప్పనా, ఫోటోలో మీ ఎక్స్‌ప్రెషన్ అద్భుతం."

చచ్చినందుకు నేను అంత బాధపడలేదు. చావడం నాకు అలవాటే. కష్టమంతా గోడ మీద ఉండిపోవడంతో వచ్చింది.

కొడుకు పాత్రకి చాలా కష్టాలుండేవి. ఒక్కొక్క కష్టానికీ వచ్చి నా ఫోటో ముందు నిలబడేవాడు. "అమ్మా, నువ్వే ఉంటే" అని మొదలుపెట్టేవాడు. ఉంటే ఏం చేసేదాన్నో నాకైతే తెలుసు. వాళ్ళకి అది అక్కర్లేదు. బతికున్నప్పుడు నాకు కాఫీ కలిపే సీన్లే ఇచ్చారు. పోయాక రోజూ క్లోజప్పే.

అదే చానెల్లో మా తరవాత వచ్చే సీరియల్లో పెదనాన్న భార్య వేషం ఉందని కబురొస్తే వెళ్ళాను. అక్కడి మేనేజరు మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీరంటే మాకు గౌరవమేనండి. కానీ మీరు ముందు సీరియల్లో పోయారు కదండీ. దండ రోజూ కనపడుతూనే ఉంది."

"నాకు కాదండీ, ఆ పాత్రకి."

"మాకు తెలుసండి. ఏడున్నరకి పోయినావిడ ఎనిమిదింటికి పప్పు పోపు పెడుతుంటే ఇళ్ళల్లో పిల్లలు జడుసుకుంటారండీ. ఆ ఫోటో దిగనివ్వండి, తప్పకుండా చూద్దాం."

ఇంకో రెండు చోట్ల కూడా ఇదే మాట. అందరూ మర్యాదగానే చెప్పారు. అంటే ఆ ఫోటో గోడ మీద ఉన్నంతకాలం నాకు ఊళ్ళో ఎక్కడా పుట్టుక లేదు. నన్ను బతికించైనా బతికించాలి, లేకపోతే దించైనా దించాలి. మధ్యలో ఉంచితే నేను బతికేదెట్లా? ఆ మాటే డైరెక్టర్ని అడిగాను. దించడానికి కథ ఒప్పుకోదన్నాడు. తల్లి ఫోటో తీసేస్తే కొడుకుని జనం ఏమనుకుంటారు? కొడుకు మంచివాడు.

ప్రొడక్షన్ మేనేజరు నన్ను గేటు దాకా సాగనంపుతూ ఓదార్చాడు. "ఫికర్ జెయ్యకమ్మా. పుప్పాలగూడల ఓ ప్లాటున్నది, తీస్కో. నీ పేరు మీద ఏదన్న ఉండాలె గద?"

నవ్వేశాను. పుప్పాలగూడలో అప్పుడు తుమ్మచెట్లూ గొర్రెలూ తప్ప ఏమీ లేవు. నా జీవితంలో అంత ఖరీదైన నవ్వు ఇంకెప్పుడూ నవ్వలేదు.

ఇంకో పని లేక అప్పుడప్పుడూ మేడ మీది నర్సమ్మగారిని చూడ్డానికి వెళ్ళేదాన్ని. షూటింగు లేని రోజుల్లో కూడా నా ఫోటో అక్కడే ఉండేది. కదిపితే వంకర మారుతుంది, కంటిన్యుటీ పోతుంది అని ఫ్రేము చుట్టూ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళేవారు. ఆ ఫోటో కింద కూర్చునే మేమిద్దరం టీ తాగేవాళ్ళం.

ఒకరోజు ఆవిడ మొహమాటపడుతూ మొదలుపెట్టారు.

"మీరేమీ అనుకోకపోతే ఒక మాటండి. నెలకోసారి మా సంఘంవాళ్ళు ఇక్కడే ప్రార్థన పెట్టుకుంటారు. మొన్న పాస్టరమ్మగారు మీ ఫోటో చూసి, పాపం ఈవిడెవరు, ఎప్పుడు పోయారు అన్నారండి."

"మీరేమన్నారు?"

"పోలేదండీ, నిక్షేపంగా ఉన్నారు, మొన్న మంగళవారం వచ్చి పకోడీలు తిని వెళ్ళారన్నాను. మాలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదండి. ఉన్నవాళ్ళ కోసమైతే చెయ్యొచ్చు. అందుకని మీ పని గురించి చేశారు. అందరూ మోకాళ్ళ మీద."

నా కోసం అంతమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టింది చివరిసారి రేపల్లె పరిషత్తులో.

"ఫోటోకి దండా, అద్దం మీద బొట్టూ చూసి మాత్రం కాస్త ఇబ్బంది పడ్డారండి. ఈ నెల వాళ్ళొచ్చే ముందు తీసేసి, వెళ్ళాక మళ్ళీ పెట్టేస్తాను. ఫోటో మాత్రం కదపను లెండి."

అన్నట్టే దండ తీశారు. అద్దం మీద కుంకుమ తుడిచారు. బల్బు ఊడదీశారు. ప్రార్థనయ్యాక వచ్చినవాళ్ళకి ఉప్మా పెట్టే హడావిడిలో పడి మళ్ళీ పెట్టడం మర్చిపోయారు. మర్నాడు పొద్దున్నే షూటింగువాళ్ళు దిగారు. సుద్దగీత చూసుకున్నారు, ఫోటో వంకర సరిగ్గానే ఉంది. కొడుకు నిలబడి "అమ్మా, నువ్వే ఉంటే" అని సీనంతా చెప్పేశాడు. దండ లేదన్న సంగతి అంతమందిలో ఒక్కడూ గమనించలేదు. రోజూ చూసేవాళ్ళకి నేను అంతగా అలవాటైపోయాను.

అది టీవీలో వచ్చిన సాయంత్రం అవ్వ నా తలుపు బాదింది.

"బిడ్డా, దండ దీసిన్రు! బొట్టు లేదు, ఎర్రబుగ్గ ఎలుగుతలేదు. నువ్వు సావలేదే!"

ఆవిడ ఒక్కతే కాదు. చానెలుకి ఒకటే ఫోన్లట. తల్లి బతికుందా, ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది అని. తెలిసినవాళ్ళు వచ్చి చెప్పారు. నాకు ఆశ పెట్టుకునే అలవాటు అప్పటికి పోయింది. అయినా లెక్క వేసి చూస్తే ఎక్కడా తప్పు దొరకలేదు. నా శవాన్ని ఎవరూ చూపించలేదు. అవ్వ అదే అంది.

"నీ సావు ఎవలు జూసిన్రు? ఫోన్ల జెప్పిన్రు. ఫోన్ల జెప్పిందల్ల నమ్ముతమా? నా కొడుకు ఫోన్ల వస్తున్న అంటడు, వస్తడా?"

ఆ వారంలోనే వీధి చివర ఎస్టీడీ బూతుకి డైరెక్టరు ఫోను చేయించి నన్ను పిలిపించాడు.

"అమ్మా, మీతో పని పడింది. రేపు పొద్దున్నే రండి. అదే పట్టుచీర కట్టుకుని రండి."

"డైలాగులు ఏమన్నా..."

"అన్నీ రేపు మాట్లాడుకుందాం అమ్మా."

ఆ సాయంత్రం బండలెక్కి మొత్తం పోర్షను ఒకసారి చెప్పుకున్నాను. ఒక్క మాట మర్చిపోలేదు. చావు సీను బతికొచ్చిన సీనుకి పనికిరాదని తెలుసు. కానీ ఎలాగూ ఒక తల్లీ కొడుకూ ఎదురుపడాలి కదా, కాసిన్ని మాటలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుందనుకున్నాను. గుండ్రటి భవనానికి అప్పటికి అద్దాలు వచ్చేశాయి. దానికి వినపడిందో లేదో తెలియలేదు.

మర్నాడు నర్సమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చి నా చేతులు పట్టుకున్నారు. "నావల్ల మీకు మంచి జరిగితే అంతే చాలండి. నేను కావాలని మర్చిపోలేదు సుమండీ."

హాల్లో డైరెక్టరూ, ప్రొడక్షన్ మేనేజరూ ఉన్నారు. కొడుకు లేడు. పెద్ద కెమెరా కూడా లేదు. కిటికీ దగ్గర స్టిల్ ఫోటోగ్రాఫర్ మూడుకాళ్ళ స్టాండు బిగిస్తున్నాడు.

నటన నేర్చుకున్న మనిషికి ఒక సౌకర్యం ఉంది, మొహం వెంటనే మారదు.

"జనం కన్‌ఫ్యూజ్ అయ్యారమ్మా," అన్నాడు డైరెక్టరు. "పాత ఫోటో చిన్నది, దండ ఉందో లేదో కూడా తెలియట్లేదు. ఈసారి నిలువెత్తు ఫోటో పెట్టేద్దాం. దండ కూడా పెద్దది చేయించాం. ఇంక ఎవరికీ డౌటు రాదు."

"బతికించమని ఫోన్లు వచ్చాయన్నారే?"

"వచ్చాయమ్మా. అంత ప్రేమ ఉందని తెలిశాకే కదా, ఫోటో పెద్దది చేద్దామనుకుంది."

ఇంకొకటి అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆ రోజు రాయించిన మాటలు ఒక్కసారి చెప్తాను, కెమెరా ఏమీ అక్కర్లేదు, ఊరికే వినండి అన్నాను. అతను వాచీ చూసుకోలేదు. ఆ మాత్రం మర్యాద ఉంది.

"తప్పకుండా అమ్మా. ఇది అయిపోనివ్వండి, తప్పకుండా వింటాను."

కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట ఈల వేశారు. ఫోటోగ్రాఫర్ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. అందరం కదలకుండా నిలబడ్డాం. ఢామ్మంది. కిటికీ అద్దాలు ఒకసారి వణికి ఆగాయి.

"ఇప్పుడు నవ్వండమ్మా," అన్నాడు.

బాగానే నవ్వానట. తరవాత అందరూ అన్నారు.

అది అవగానే డైరెక్టరుకి చానెలు నుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు. ఫ్రేము కట్టి వచ్చాక తగిలించడానికి ఇంకో రోజు నేనే వెళ్ళాను. పిలవలేదు, నర్సమ్మగారి కోసం వెళ్ళానని చెప్పాను. పాత మేకు ఆగలేదు, కొత్తగా రెండు పెద్దవి కొట్టాల్సి వచ్చింది. ప్రొడక్షన్ మేనేజరు స్టూలెక్కి దండ వేశాడు. కొంచెం ఎడమకి వాలింది.

"అమ్మా, జర దూరం నుంచి జూసి చెప్పు. సక్కగున్నదా?"

లేదు. అతను దిగాక నేనే స్టూలెక్కి సరిచేశాను. స్టేజీ మీద ఏ వస్తువు వంకరగా ఉన్నా నాకు పడదు. గంధం వాసన కొత్తగా, ఘాటుగా ఉంది. దగ్గర నుంచి చూస్తే నా కన్నా ఫోటోలో ఆవిడే ఆరోగ్యంగా ఉంది.

నర్సమ్మగారు కింద నుంచి స్టూలు పట్టుకుని ఉన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి నేను తొందరగా దిగాను.

"నన్ను క్షమించండి. ప్రార్థన రోజున మాత్రం మళ్ళీ తీస్తానండి. మీకోసం చెయ్యాలి కదా."

"తీయండి," అన్నాను. "మళ్ళీ పెట్టడం మాత్రం మర్చిపోకండి. ఈసారి మర్చిపోతే ఇంకా పెద్దది తీస్తారు, అంత గోడ మీ ఇంట్లో లేదు."